తల, కత్తి, పళ్లెం: మా ఇంటి పాత ప్రింటులోని స్త్రీ యూదితా, సలోమేనా?

పెరంబూరు పాఠకురాలు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మేము చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాము. మా తాతగారు ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో ఆయన సహోద్యోగి ఒకరు, ఆంగ్లో ఇండియన్, కుటుంబంతో సహా ఆస్ట్రేలియాకు తరలివెళ్తూ కొన్ని పుస్తకాలనూ, ఫ్రేము కట్టిన ఒక నలుపు తెలుపు చిత్రాన్నీ మా వాళ్లకు ఇచ్చి వెళ్లారట. పుస్తకాలు చెదలకు పోయాయి గాని, చిత్రం మాత్రం ఇప్పటికీ హాల్లో వేలాడుతూనే ఉన్నది. ఎత్తు జానెడున్నర ఉంటుంది. పువ్వుల నేత ఉన్న ఖరీదైన బట్టలు ధరించిన ఒక యువతి నడుము వరకు కనిపిస్తుంది. ఆమె ఎడమ చేతిలో కత్తి ఉన్నది. కుడి చేత్తో ఒక పళ్లెం అంచును పట్టుకున్నది. ఆ పళ్లెంలో గడ్డం ఉన్న ఒక పురుషుని తల, కళ్లు మూసి, కాస్త పక్కకు ఒరిగి ఉన్నది. యువతి భుజం వెనుక నుంచి ఒక ముసలి దాసి తొంగి చూస్తున్నది. వెనుక భాగమంతా మడతలు పడిన బరువైన తెర. బొమ్మ కింద ఏవో అక్షరాలు ఉన్నట్టు తోస్తున్నది గాని, మౌంటు అట్ట వాటిని కప్పివేసింది.

ఈమె హేరోదియ కూతురని మా నాయనమ్మ చిన్నప్పటి నుంచీ మాకు చెబుతూ వచ్చింది. మా సంఘంలో పెద్దలను అడిగినా అదే మాట. పళ్లెంలో తల అంటే బాప్తిస్మమిచ్చు యోహాను తల కాక మరెవరిది అంటారు. ఈ మధ్య మా ఆఫీసులో పనిచేసే ఒక క్యాథలిక్ మిత్రురాలు ఇంటికి వచ్చి, చూడగానే యూదితు అన్నది. సంఘం వార్షికోత్సవంలో పాత చిత్రాలు, ఫోటోలు ప్రదర్శనకు పెడుతున్నారు కనుక దీని కింద ఒక చీటీ రాయవలసి ఉన్నది. తప్పు పేరు రాయడం నాకు ఇష్టం లేదు. ఇటువంటి చిత్రాల్లో మనిషిని గుర్తు పట్టడానికి దేనిని ఆధారం చేసుకుంటారో తెలిసిన వారు దయచేసి చెప్పగలరు.

మైలాపూరు మిత్రుడు:

నమస్కారమండీ. మీ నాయనమ్మగారికీ మీ మిత్రురాలికీ చెరొక పేరు తోచడానికి కారణం వారు చదివిన బైబిళ్లలోనే ఉన్నది. ప్రొటెస్టెంట్ సంఘాలు వాడే తెలుగు బైబిలులో 66 గ్రంథాలు మాత్రమే ఉంటాయి, అందులో యూదితు కథ లేదు. క్యాథలిక్ అనువాదంలో అది 16 అధ్యాయాల పూర్తి గ్రంథం. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలులో కూడా అపోక్రిఫా అనే విభాగం కింద దానికి చోటిచ్చారు. 1820ల మధ్యలో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీలో పెద్ద వాదోపవాదాలు జరిగి, ఆ విభాగం ఉన్న ప్రతులకు సొసైటీ డబ్బు వెచ్చించకూడదని నిర్ణయించిన తరువాత అది ప్రొటెస్టెంట్ ఇళ్లలోని బైబిళ్ల నుంచి దాదాపు కనుమరుగైంది. కథే తెలియని ఇంట్లో ఆ బొమ్మకు తెలిసిన కథలోని పేరు పెట్టుకోవడం సహజం.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే మీ చిత్రంలో చాలా సంగతులు వాటంతట అవే విడిపోతాయి. హేరోదియ కూతురి కథ ఉన్న మత్తయి 14, మార్కు 6 అధ్యాయాల్లో ఆ అమ్మాయికి పేరే లేదు. సలోమే అన్న పేరు మనకు చరిత్రకారుడు జోసెఫస్ రచన నుంచి వచ్చింది. ఆమె నాట్యం చేస్తుంది, తల్లి చెప్పినట్టు యోహాను తలను అడుగుతుంది, రాజు బంట్రౌతును పంపుతాడు, వాడు చెరసాలలో తల నరికి పళ్లెంలో తెస్తాడు, ఆమె దానిని తల్లికి అందిస్తుంది. మొత్తం వ్యవహారంలో ఆమె కత్తి ముట్టుకోదు. యూదితు కథలో అంతా ఆమె చేతి మీదనే జరుగుతుంది. హోలోఫెర్నెసు అనే సేనాని బెతూలియా పట్టణాన్ని ముట్టడించి నీళ్లు ఆపివేసినప్పుడు, వితంతువైన యూదితు అలంకరించుకొని దాసిని వెంట పెట్టుకొని శత్రువుల దండులోకి వెళ్తుంది. నాలుగో రోజు విందులో అతడు తాగి పడిపోతాడు. అతని పడక స్తంభానికి వేలాడుతున్న అతని కత్తినే తీసి, జుట్టు పట్టుకొని, మెడ మీద రెండు దెబ్బలు వేసి తల తెంపుతుంది. తలను దాసికి ఇస్తే దాసి దానిని తిండి సంచిలో వేస్తుంది.

ఆ సంచిని గమనించండి. పరాయి వారి భోజనం తనకు నిషిద్ధం కనుక తన ఆహారం తానే తెచ్చుకున్నానని యూదితు మొదటి రోజే చెప్పి ఉంచుతుంది. రోజూ రాత్రి ప్రార్థన కోసం దండు బయటికి వెళ్లి రావడానికి అనుమతి కూడా తీసుకుంటుంది. అందుచేత ఆ రాత్రి సంచితో ఇద్దరు ఆడవాళ్లు బయటికి నడిచినా కావలివారికి అనుమానం రాదు. ఇంత పకడ్బందీగా రాసిన కథ కనుకనే చిత్రకారులు కత్తి, సంచి, దాసి, గుడారపు తెర అనే నాలుగింటినీ వందల ఏళ్లు వదలలేదు. మీ చిత్రంలో కత్తి, దాసి, తెర మూడూ ఉన్నాయి. ఎదురు నిలిచేది పళ్లెం ఒక్కటే.

ఆ పళ్లెం చిక్కును ఎర్విన్ పనోఫ్‌స్కీ అనే కళాచరిత్రకారుడు 1939లో వెలువడిన తన పుస్తకపు ముందుమాటలోనే ఎత్తుకున్నాడు. 17వ శతాబ్దపు ఉత్తర ఇటలీ చిత్రకారుడు ఫ్రాన్చెస్కో మఫ్ఫేయి వేసిన ఒక చిత్రంలో అచ్చం మీరు చెప్పినట్టే ఒక స్త్రీ చేతిలో కత్తి, పళ్లెంలో తల ఉన్నాయి. దానిని అప్పటి దాకా సలోమే అనుకున్నారు. పనోఫ్‌స్కీ కథలను మాత్రమే పట్టుకుంటే ఏమీ తేలదన్నాడు. ఎందుకంటే కత్తి సలోమే కథకు పొసగదు, పళ్లెం యూదితు కథకు పొసగదు. అందుకని ఆ కాలపు ఇతర చిత్రాలను వెతికాడు. యూదితు అని నిస్సందేహంగా తెలిసిన చిత్రాల్లో, జర్మనీలోనూ ఉత్తర ఇటలీలోనూ, పళ్లెం కనిపించింది. సలోమే అని నిస్సందేహంగా తెలిసిన చిత్రాల్లో కత్తి కనిపించలేదు. పళ్లెంలో యోహాను తల అప్పటికే విడిగా పూజలందుకునే ప్రతిమగా స్థిరపడినందువల్ల, తెగిన తల అనగానే పళ్లెం చేతికి వచ్చేది. కత్తి మాత్రం న్యాయదేవతకూ హతసాక్షులకూ చెందిన గౌరవ చిహ్నం, దానిని నాట్యకత్తె చేతికి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. కనుక మఫ్ఫేయి స్త్రీ యూదితు అన్నాడు. నా దృష్టిలో మీ ఇంటి చిత్రంలోని స్త్రీ కూడా యూదితే.

చిత్రశాల (బెంగళూరు):

పైన చెప్పిన పనోఫ్‌స్కీ వాదం చాలా అందమైనది. అయితే దానిని అన్ని కాలాలకూ వర్తించే సూత్రంగా వాడడం మీద నాకు అభ్యంతరం ఉన్నది. ఆయన నిరూపించినది మఫ్ఫేయి కాలం నాటికి ఉన్న ఆచారాన్ని. 1870లో పారిస్ సలోన్ అనే చిత్రప్రదర్శనలో ఆన్రీ రెన్యో అనే యువ చిత్రకారుడు ప్రదర్శించిన సలోమే చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. పసుపు పచ్చని నేపథ్యం ముందు నల్లని ఉంగరాల జుట్టుతో కూర్చున్న ఆ అమ్మాయి ఒడిలో పళ్లెమూ ఉన్నది, పెద్ద కత్తీ ఉన్నది. తల ఇంకా రాలేదు, పళ్లెం ఖాళీ. అంటే 19వ శతాబ్దం వచ్చేసరికి చిత్రకారులు పాత కట్టుబాట్లను పక్కన పెట్టి, సలోమేను తమకు తోచిన సామగ్రితో అలంకరించారు. చూసేవారు కూడా అంతే తడబడ్డారు. గుస్తావ్ క్లిమ్ట్ 1901లో వేసిన యూదితు చిత్రపు చట్రం మీద యూదితు, హోలోఫెర్నెసు అనే పేర్లు స్పష్టంగా ఉన్నా, ఆ ముఖంలోని మత్తును చూసి చాలామంది దానిని సలోమే అనే పిలిచారు.

వెనక్కు వెళ్లినా సందేహాలు లేకపోలేదు. రోములోని దోరియా పాంఫిలి గ్యాలరీలో ఉన్న టిషియన్ చిత్రంలో, సుమారు 1515 నాటిది, పళ్లెంలో తల, పక్కన దాసి ఉన్నారు. కత్తి లేదు. దానిని సలోమే అంటున్నప్పటికీ యూదితు అని వాదించేవారూ ఉన్నారు. ముసలి దాసిని కూడా గట్టి ఆధారంగా తీసుకోకండి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న కరవాజ్జో సలోమే వెనుక ముడతల ముఖంతో ఒక వృద్ధురాలు నిలబడి ఉంటుంది. అయితే అందులో తలను చేత్తో పట్టుకొని పళ్లెంలో పెడుతున్న తలారి కూడా ఉన్నాడు, కనుక అక్కడ సందేహం రాదు.

కాబట్టి పెరంబూరు పాఠకురాలు గారు ముందు తేల్చవలసినది బొమ్మ వయసును, ఆ తరువాతనే పేరును. అలాగే పళ్లెంలోని తల చుట్టూ సన్నని కాంతివలయం ఉన్నదేమో చూడండి. ఉంటే అది యోహానే, వాదన అక్కడితో సరి. లేకపోతే మాత్రం దానివల్ల ఏమీ తేలదు, చాలామంది చిత్రకారులు వలయం వేయడం మానేశారు.

రాగిరేకు:

వయసు సంగతి వచ్చింది కనుక నేను కలగజేసుకుంటున్నాను. పాత ప్రింట్లు సేకరించడం, వాటి మరమ్మతు చేయించడం నా వ్యాపకం.

ఎడమ చేతిలో కత్తి అన్న మాట నన్ను వెంటనే ఆకట్టుకుంది. చెక్కేవాడు ఎదుట ఉన్న వర్ణచిత్రాన్ని చూసి రాగిరేకు మీద ఉన్నది ఉన్నట్టుగా చెక్కితే, కాగితం మీద అచ్చు పడేసరికి కుడి ఎడమలు తారుమారవుతాయి. శ్రద్ధ గలవారు అద్దంలో చూస్తూ చెక్కి దానిని సరిచేసేవారు, తొందర ఉన్నవారు, ముఖ్యంగా ఒకరి ప్రింటు చూసి ఇంకొకరు చవకగా నకలు తీసేవారు, పట్టించుకునేవారు కాదు. కనుక మూలచిత్రంలో ఈమె కత్తి కుడి చేతనే పట్టి ఉండవచ్చు. మీరు మూలం కోసం వెతికేటప్పుడు బొమ్మను అద్దంలో చూపి పోల్చడం మరచిపోవద్దు. ఒక్కొక్కప్పుడు మూలం దొరకనే దొరకదు. రూబెన్స్ అనే చిత్రకారుడు వేసిన యూదితుల్లో ఒకటి ఈనాడు లేదు. కోర్నెలిస్ గాలె 1610 ప్రాంతంలో చెక్కిన పెద్ద ప్రింటు వల్లనే అది ఎలా ఉండేదో లోకానికి తెలుసు.

ఇక పరీక్ష. ఫ్రేము వెనుక అట్టను మేకులు ఊడదీసి నెమ్మదిగా తీయించండి. మౌంటు కాగితానికి అంటుకొని ఉంటే బలవంతంగా లాగవద్దు, నీళ్లు అసలే పెట్టవద్దు. పదింతలు చూపే భూతద్దంతో దుస్తుల మడతల దగ్గర చూడండి. వరుస తప్పని చిన్న చుక్కల జల్లెడ కనిపిస్తే అది 1880ల తరువాత వచ్చిన హాఫ్‌టోన్ అచ్చు, అంటే ఏదో పత్రిక నుంచో పుస్తకం నుంచో తీసిన ఫోటో నకలు. సుద్దముక్కతో గీసినట్టు గరుకైన పొడి కనిపిస్తే లితోగ్రాఫ్, అంటే రాతి అచ్చు. గీతలు సన్నగా మొదలై మధ్యలో లావెక్కి మళ్లీ సన్నబడి ఆగుతూ, ఒకదానికొకటి అడ్డంగా అల్లుకొని ఉంటే లోహపు రేకు మీద చెక్కినది. అప్పుడు బొమ్మ చుట్టూ కాగితంలో రేకు అంచు నొక్కిన గాడి కూడా ఉండాలి. వేలి కొనతో తడిమితే తెలుస్తుంది. 1820ల నుంచి రాగికి బదులు ఉక్కు రేకులు వచ్చాయి. వాటి మీద గీతలు వెంట్రుకలంత సన్నగా, బూడిద రంగు పొగలా కనిపిస్తాయి. ఒక్క ఉక్కు రేకు వేల ప్రతులకు తట్టుకునేది కనుక మధ్యతరగతి ఇళ్ల గోడలకు చేరినవాటిలో చాలా భాగం అవే.

కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూడండి. దగ్గరదగ్గరగా నిలువు చారలు, వాటికి అడ్డంగా దూరదూరంగా తీగ గుర్తులు కనిపిస్తే పాత పద్ధతి జాలి మీద చేసిన కాగితం. చారలు లేకుండా నునుపుగా ఉంటే వోవ్ కాగితం, అది 1750ల చివర ఇంగ్లండులో మొదలై 19వ శతాబ్దంలో అంతటా వ్యాపించింది. అక్షరాల వరసలో సాధారణంగా ఎడమ మూలన చిత్రకారుని పేరు, దాని తరువాత పింక్సిట్ అని, కుడి మూలన చెక్కినవాని పేరు, స్కల్ప్‌సిట్ అని ఉంటాయి. ఎక్స్‌కుడిట్ అని ఉంటే ప్రచురణకర్త. మధ్యలో శీర్షిక, అదృష్టం ఉంటే బైబిలు అధ్యాయపు అంకె.

ఎగ్మూరు యాత్రికుడు:

నాది కాస్త పక్కదారి, అయినా విషయంలోదే. వస్తువు కన్నా భంగిమ ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. రవివర్మ బొమ్మల్లో హంస ఉంటే దమయంతి అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. అదే హంసను ఐరోపా చిత్రంలో ఒక స్త్రీ పక్కన చూస్తే ఆమె గ్రీకు పురాణంలోని లీడా అవుతుంది. కాని పాదం నుంచి ముల్లు తీసే నెపంతో ఒక యువతి ఆగి వెనక్కు తిరిగి చూస్తుంటే, ఆమె శకుంతల తప్ప మరొకరు కాదు. కాళిదాసు నాటకం రెండో అంకంలో దుష్యంతుడు విదూషకునికి చెప్పేది సరిగ్గా ఇదే, దర్భ గుచ్చుకున్నదని ఊరికే నిలబడి ముఖం ఇటు తిప్పిందని. 1876లో రవివర్మ వేసిన పత్రలేఖన చిత్రం, అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు కొన్నది, అందులోనూ తామరాకు మీద గోటితో రాసే ఆ పని వల్లనే ఆమె ఎవరో తెలుస్తుంది. మీ యువతి చూపు ఎటు ఉన్నది? తలను తల్లికి అప్పగించబోతున్నదా, దాసికి ఇచ్చి బయలుదేరబోతున్నదా? దాసి చేతులు ఎక్కడ ఉన్నాయి? కత్తీ పళ్లెమూ పక్కన పెట్టి ఒకసారి ఆ చేతులనే చూడండి.

పెరంబూరు పాఠకురాలు:

అందరికీ కృతజ్ఞతలు. ఫ్రేములు కట్టే కొట్టులో వెనుక అట్ట తీయించాను. అదృష్టవశాత్తూ మౌంటు అంటుకోలేదు. రాగిరేకు గారు చెప్పినట్టే చుట్టూ గాడి వేలికి తగులుతున్నది, చుక్కల జల్లెడ లేదు. గీతలు మాత్రం వెంట్రుకలంత సన్నగా లేవు. కత్తి పిడి దగ్గర అయితే దళసరిగా, నల్లగా, సిరా కాగితం మీద ఉబ్బినట్టుగా ఉన్నాయి. వెలుగుకు పట్టి చూస్తే నిలువు చారలు, మధ్య మధ్య అడ్డ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. కింది అంచును ఎవరో ఎప్పుడో కత్తిరించారు. గాడి మూడు వైపులే ఉన్నది, శీర్షిక పోయింది. ఎడమ మూలన సగం తెగిన అక్షరాల్లో పింక్స్ అన్నంత వరకు చదవగలిగాను, దాని ముందున్న పేరు మరక కింద ఉన్నది. తల చుట్టూ వలయం లేదు.

ఎగ్మూరు యాత్రికుడు గారి ప్రశ్న చదివిన తరువాత దాసి చేతుల కోసం చూశాను. ఇన్నాళ్లూ దాసి పైటచెంగు అనుకున్నది చెంగు కాదు. రెండు చేతులతో విప్పి పట్టుకున్న బట్ట, దాని నోరు పళ్లెం వైపు తెరిచి ఉన్నది, అంచున తాడు లాంటి కుట్టు కూడా ఉన్నది. పళ్లెం కాస్త అటువైపు వంగి ఉన్నది. యువతి మాత్రం తలను చూడడం లేదు, తెర అంచు వైపు చూస్తున్నది.

ఇక ఈమెను యూదితు అని రాయవచ్చునా? చిత్రకారుని పేరు లేకుండా చీటీ ఎలా రాయాలి?

చిత్రశాల (బెంగళూరు):

నిస్సంకోచంగా రాయండి. చారల కాగితం, బలమైన రాగి గీతలు, కత్తిరించిన అంచు అన్నీ 19వ శతాబ్దానికి ముందు వైపే మొగ్గుతున్నాయి, ఆ కాలానికి మైలాపూరు మిత్రుడు గారు చెప్పిన వాదం చక్కగా వర్తిస్తుంది. అన్నింటికీ మించి సంచి దొరికింది. సలోమే కథలో సంచికి పనే లేదు. రెన్యో పేరు చెప్పి నేను లేవనెత్తిన సందేహాన్ని ఈ ప్రింటు విషయంలో వెనక్కు తీసుకుంటున్నాను.

చీటీలో ‘యూదితు, హోలోఫెర్నెసు తల. రాగిరేకు చెక్కడపు ముద్ర, గుర్తు తెలియని చిత్రకారుని రచన ఆధారంగా’ అని రాస్తే సరిపోతుంది. శతాబ్దం రాయకండి. పాత రేకుల మీద చాలా ఏళ్ల తరువాత కూడా ప్రతులు తీసేవారు. చూడడానికి వచ్చేవారిలో ఎక్కువమందికి ఈ కథ తెలియదు కనుక, కింద రెండు వాక్యాల్లో కథ చెప్పి, క్యాథలిక్ బైబిలులో యూదితు గ్రంథం 13వ అధ్యాయం చూడమని రాయండి. లేకపోతే ప్రదర్శన జరిగినంత సేపూ ప్రతి ఒక్కరికీ మీరే నిలబడి చెప్పవలసి వస్తుంది.

రాగిరేకు:

చీటీని ప్రింటుకు గాని, అద్దానికి గాని జిగురుతో అంటించకండి, పక్కన విడిగా నిలబెట్టండి. తిరిగి ఫ్రేము కట్టించేటప్పుడు పాత అట్టను మళ్లీ వాడనివ్వవద్దు, అందులోని ఆమ్లం వల్లనే అంచులు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. ఆమ్లం లేని మౌంటు బోర్డు కావాలని అడగండి, అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో ఖాళీ ఉంచమనండి. చెన్నై గాలిలో తేమకు కాగితం అద్దానికి అతుక్కుంటే తరువాత విడదీయడం కష్టం. కింది అంచు వంకరగా ఉన్నదని కొట్టువారు ఇంకొంచెం కత్తిరిస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. మరక కింద ఉన్న ఆ పేరును కాగితాల మరమ్మతు తెలిసినవారు ఎప్పుడైనా బయటికి తీయగలరు.